జ్వరం రాని మనిషి

మొన్న మా బళ్ళో కొత్తగా చేరిన లెక్కల టీచరు సెలవు కావాలని అడిగింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఉంది. "తెల్లవారుజాము నుంచీ మా బాబుకి ఒళ్ళు కాలిపోతోంది మేడమ్, నూట మూడు" అంది.

"జ్వరమొచ్చిందా? అమ్మయ్య, మంచిదే" అనేశాను.

స్టాఫ్ రూములో టీ తాగుతున్నవాళ్ళు తాగడం మానేశారు. ఆ పిల్ల నా మొహంలోకి చూసిన చూపు ఇంకా మరిచిపోలేకపోతున్నాను. నాకు నోటి దురుసు ఉందని మా ఇంట్లోనే ఒప్పుకుంటారు గానీ, బిడ్డకి జ్వరమంటే సంతోషించేంత పాపిష్టిదాన్ని కాను. వెంటనే ఆస్పత్రికి వెళ్ళమని పంపించి, మిగిలిన వాళ్ళకి ఎందుకలా అన్నానో చెప్పబోయాను. రెండు మాటలు చెప్పేసరికి బెల్లు కొట్టేశారు. రెండు మాటల్లో తేలే సంగతి కాదది. అవ్వ సంగతి.

ఆమె పేరు రాయను. మైపాడు పక్కన మా పల్లెలో ఆమెని పేరుపెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. కన్నబిడ్డల దగ్గర్నుంచి రేషన్ డీలరు దాకా అందరికీ ఆమె అవ్వే. నేను సంగం పక్కన వరిపొలాల ఊరి నుంచి ఉద్యోగానికని వచ్చి, అవ్వ ఇంటి ఎదురు వరసలో గది అద్దెకు తీసుకున్నాను. మొదటి రోజే నన్ను కిందనుంచి పైదాకా చూసి, "చేపలు తింటావా, చూసి ముక్కు మూసుకుంటావా?" అంది. తింటానన్నాను. "అయితే ఈ ఊళ్ళో బతకతావులే" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది.

పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేది. ముడి ఎప్పుడూ ఒక చెవి మీదికి జారి ఉండేది. మెడమీద, పిక్కలమీద పాత సెగ్గడ్డల మచ్చలు. అవేమిటని అడిగితే ఉప్పుగాలికి లేచినవంటుంది. పొద్దున్నే పడవలు రాగానే గంప నింపుకుని రోడ్డు మీద బస్సులు ఆగే చోట కూర్చునేది. బేరమాడితే ఒప్పుకునేది కాదు. చేపని తోక పట్టుకుని ఎత్తి దానితోనే మాట్లాడేది. "చూడవే, నీకు ఆ మాత్రం విలువ లేదంట. మళ్ళీ సముద్రంలోకి పోతావా?" అనేది. బేరమాడిన మనిషి సిగ్గుపడి అడిగినంతా ఇచ్చి పోయేవాడు.

ఆమెకి పుట్టి బుద్ధెరిగాక జ్వరం రాలేదు. ఇది ఆ పల్లెలో పిల్లాడికైనా తెలిసిన విషయం. వానలో తడిసినా, గంజి కూడా లేకుండా పడుకున్నా, ఇంట్లో అందరూ మూలుగుతూ మంచాన పడినా ఆమె మాత్రం చల్లగా ఉండేది. జ్వరం వచ్చినవాళ్ళంటే ఆమెకి కొంచెం చులకన. "ఏం రా, చుట్టం దిగినాడా? ఎన్నాళ్ళుంటాడంటా?" అని గుమ్మంలోంచే ఎగతాళి చేసేది. చేస్తూనే లోపలికి వచ్చేది. కుండలోని నీళ్ళతో చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, అరచేతిని తిప్పి వెనక వైపు నుదుటిమీద ఆనించేది. తర్వాత మెడకింద, ఆఖరున అరికాళ్ళు. అప్పుడు వీధంతా వినేటట్టు చెప్పేది. "కాలతా ఉండాది, తీసకపొండి" అంటే పిల్లని చంకన వేసుకుని నెల్లూరు బస్సు ఎక్కాల్సిందే. "చల్లగా ఉండాది, పడుకోబెట్టండి" అంటే ఇంక ఎవరూ కదలరు. ఆమె చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ళ వేడి దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని వాళ్ళ నమ్మకం. ఆ చెయ్యి చాలామందిని బతికించింది కూడా. నా కళ్ళముందే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని వేళకి ఆస్పత్రికి తరిమింది.

అమ్మవారు పోసిన ఇంటికి మిగిలిన వాళ్ళెవరూ వెళ్ళరు. గుమ్మానికి వేపమండలు కట్టాక ఆ ఇంట్లోకి వెళ్ళిరాగలిగింది అవ్వ ఒక్కతే. నేను వచ్చిన మొదటి ఎండాకాలంలోనే నాకు పోసింది. ఇంటి ఓనరమ్మ వేపమండ కట్టేసి, తన పిల్లలతో పుట్టింటికి పారిపోయింది. ఊరుకాని ఊళ్ళో ఒళ్ళంతా పొక్కులతో పడి ఉంటే అవ్వ మజ్జిగన్నం గిన్నెతో వచ్చింది. నాకు చచ్చేంత జ్వరం. ఆమె పక్కన కూర్చుని వేపరెమ్మతో ఒళ్ళు నిమురుతూ ఉన్నట్టుండి అడిగింది.

"ఎట్టుంటాది టీచరమ్మా?"

"ఏది?"

"అదే, జ్వరం."

మాట్లాడే ఓపిక లేదు గానీ ఆమె వదిలేటట్టు లేదు. "ఒళ్ళు నిప్పులమీద పెట్టినట్టుంది అవ్వా. చలేస్తోంది" అన్నాను.

"రెండూ ఒకేతూరి ఎట్టవతాయి? కాలతా ఉంటే చలెందుకేస్తాది? అబద్ధాలు చెప్తా ఉండావు."

"నిజం అవ్వా."

కాసేపు నమ్మనట్టుగా చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు ఒక్కతూరి రావాలని ఉండాది. మా ఆయన బతికుండేటప్పుడు వచ్చుంటే బాగుండు. ఆయనకి జ్వరమొచ్చినప్పుడల్లా నేను కాళ్ళు పట్టినా, గంజి పోసినా, పక్కనే కూసోనుండా. నాకు రానే రాలా. ఇంక నాకెవురు పడతారు కాళ్ళు?" అంది.

అంత జ్వరంలోనూ నాకు నవ్వొచ్చింది. "నాది తీసుకో అవ్వా, ఊరికే ఇస్తాను" అన్నాను. ఆమె నిజంగానే వంగి తన నుదురు నా నుదుటికి ఆనించింది. కళ్ళు మూసుకుని, "ఇయ్యి మరి" అంది. ఎంతసేపు అలా ఉందో తెలియదు. నాకు హాయిగా ఉంది. ఆమెకి ఏమీ రాలేదు. నిరాశగా లేచి గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పొక్కులు కూడా ఆమెకి అంటలేదు.

జ్వరం రాకపోవడానికి వాళ్ళింట్లో ఒక కారణం చెప్పుకునేవారు. అది నాకు తెలిసింది ఆమె మనవరాలు నీలవేణి పుట్టినప్పుడు.

అవ్వకి ఒక కూతురు, ఒక కొడుకు. కూతురి కూతురు సుజాతనే కొడుకు శీనుకి చేసుకున్నారు. మేనరికం వాళ్ళకి కొత్త కాదు. అవ్వ తల్లి కూడా మేనమామనే చేసుకుంది. అలా సుజాత అవ్వకి మనవరాలూ, కోడలూ. నీలవేణి పుట్టాక పురుటికి గౌను కొనుక్కుని వెళితే అవ్వ గుమ్మంలోనే ఆపేసింది. "ఇంకా బొడ్డు ఊడలా. ఊడినాక పురుడు. పో" అంది. మళ్ళీ వారం ఆగి వెళ్ళాను. ఊడలేదు. ఆ పై వారమూ అంతే. నాకు భయమేసి, వారం పదిరోజుల్లో ఊడిపోవాలి కదా, ఆస్పత్రిలో చూపించండి అన్నాను.

అవ్వ మురిసిపోతూ నవ్వింది. "మా ఇంటి లెక్క వేరే టీచరమ్మా. మా ఇంట్లో కొందరు బిడ్డలకి బొడ్డు నెల దాటినా వదలదు. నాకూ అంతేనంట, మా అమ్మ చెప్పింది. తల్లిని అంత గెట్టిగా పట్టుకున్న బిడ్డకి జ్వరం రాదు. ఈ శీనుగాడికి వారంలోనే ఊడిపోయింది. వీడు మామూలోడు. వానలో తడిస్తే తుమ్మతాడు" అంది. శీను సిగ్గుపడినట్టు తల గోక్కున్నాడు. మరి నీ తోబుట్టువులో అని అడిగాను. "వాళ్ళకీ అట్నే ఆలస్యమంట. పసితనంలోనే పోయినారు, ఒక్కరూ మిగల్లా. అది వేరే ఖర్మ" అని తేల్చేసింది.

నెల దాటాక బొడ్డు ఊడింది. పసుపుగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి అలల్లో వేసి వచ్చారు. ఆ రోజే పురుడు. అవ్వ ఆ పసిదాన్ని వీధంతా తిప్పి, "నా మాదిరిది, నా మాదిరిది" అని చూపించింది. నీలవేణి నిజంగానే ఆమె మాదిరే పెరిగింది. ఒకసారి నిమ్ము చేసి ఆస్పత్రిలో సూదులు పొడిపించుకుంది, సెగ్గడ్డలు లేస్తూ ఉండేవి. కానీ జ్వరం మాత్రం రాలేదు. బళ్ళో చేరిన కొత్తలోనే తోటి పిల్లల నుదుళ్ళమీద చెయ్యి తిప్పి పెట్టి తీర్పులు చెప్పేది. తన తర్వాత ఊరికి ఆ చెయ్యే దిక్కని అవ్వ గర్వం.

తర్వాత కొన్నేళ్ళకి సుజాతకి మగబిడ్డ పుట్టాడు. వాడికీ బొడ్డు వదల్లేదు. అవ్వ కాలు నేలమీద నిలవలేదు. ఆ బిడ్డ ఇంకా బోర్లాపడడం నేర్చుకుంటూ ఉండగానే ఒకరోజు పాలు తాగలేదు. పొద్దుటి నుంచీ మగతగా ఉన్నాడు. నెల్లూరు తీసుకుపోదామని సుజాత బట్టలు సర్దుకుంది. అవ్వ చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నుదురు, మెడ, అరికాళ్ళు చూసింది. "చల్లగా ఉండాడు. నిద్రపోతా ఉండాడు, లేపబాక" అంది. సుజాత సంచి దించేసింది. మధ్యాహ్నానికి బిడ్డ లేడు.

ఊరు దిష్టి అంది, గాలి అంది. అవ్వ చాలారోజులు గంప ఎత్తలేదు. పడవల నీడలో సముద్రం వైపు తిరిగి కూర్చునేది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే ఒక్కటే మాట అనేది. "నిద్రలో పోయినాడు టీచరమ్మా. నొప్పి తెలీకుండా పోయినాడు." ఆ మాట పట్టుకునే లేచి తిరిగింది. మళ్ళీ గంప ఎత్తింది, మళ్ళీ చేపలతో మాట్లాడింది. సుజాత మాత్రం ఆ రోజు గురించి నోరెత్తేది కాదు.

పోయిన ఏడాది అవ్వకి జెల్లచేప బాగుచేస్తుంటే దాని ముల్లు చేతి బొటనవేలికి గుచ్చుకుంది. ఆ పల్లెలో జెల్ల ముల్లు గుచ్చుకోని చెయ్యి ఉండదు. పసుపు అద్దుకుని గుడ్డ కట్టుకుంది. వారం తిరక్కుండానే శీను బడికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "టీచర్, అవ్వ రోడ్డుమీద గంప కాడ పడిపోయింది. నెల్లూరు పోవాల. డాక్టర్లతో మాట్లాడేదానికి నువ్వు రా టీచర్" అన్నాడు. సుజాత కూడా మాతో ఎక్కింది. ఆటోలో అవ్వ నా ఒళ్ళో తల పెట్టుకుని, "ఏం కాలా, జ్వరం గూడా లేదు, ఊరికే కళ్ళు తిరిగినాయి" అంటూనే ఉంది. గుడ్డ విప్పి చూశాను. చెయ్యి మోచేతిదాకా నల్లబడి ఉంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, చురుకుది. థర్మామీటరు పెట్టి చూసి, అది పనిచెయ్యట్లేదని ఇంకోటి తెప్పించింది. అదీ మామూలుగానే చూపించింది. రక్తం పరీక్ష చూశాక మొహం మారిపోయింది. మమ్మల్ని బయటికి పిలిచి కసిరింది. "ఒళ్ళంతా విషమెక్కింది. షుగర్ కూడా విపరీతంగా ఉంది. ఇన్నిరోజులు ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారు?"

"జ్వరం లేదు గదమ్మా" అన్నాడు శీను.

"వయసు మళ్ళినవాళ్ళకి ఒక్కోసారి రాదు. దాన్ని నమ్ముకుని కూర్చుంటారా?"

"వయసుకి కాదమ్మా. మా అమ్మకి ఎప్పుడూ రాదు. పుట్టినకాణ్ణించి రాలా."

డాక్టరమ్మ ఆగిపోయింది. మళ్ళీ లోపలికి వెళ్ళి అవ్వ మెడమీది మచ్చలు, పిక్కలమీది మచ్చలు దుప్పటి తీసి ఒక్కొక్కటీ చూసింది. అవ్వకి తెలివి ఉంది. మాట నీరసంగా వస్తోంది గానీ స్పష్టంగానే ఉంది. డాక్టరమ్మ మంచం పట్టె మీద కూర్చుని, "మీ ఇంట్లో ఇలా జ్వరం రానివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

అంత బాధలోనూ అవ్వ మొహం వెలిగింది. "నా మనవరాలమ్మా. అచ్చం నా మాదిరే."

"పుట్టినప్పుడు మీ ఇంట్లో పిల్లలకి బొడ్డు ఊడడం ఏమైనా ఆలస్యమయిందా?"

సుజాత చేతిలోని నీళ్ళ చెంబు కింద పడింది. ఆ పల్లె దాటి బయటికి పోని మాట, ఎప్పుడూ దాని మొహం చూడని ఈ పిల్ల ఎలా అడిగింది? అవ్వ అయితే డాక్టరమ్మని దేవతని చూసినట్టు చూసింది. "నీకెట్టా తెలుసమ్మా?" అంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగి చెప్పింది. చదువుకునే రోజుల్లో ఇలాంటిది ఒక్కసారి విన్నదట, కళ్ళతో చూడడం ఇదే మొదలట. ఒంట్లోకి క్రిమి దూరితే దాన్ని కనిపెట్టే కణాలుంటాయి. కనిపెట్టిన కబురు ఆ కణం లోపలికి చేరవేసే ప్రొటీన్లు ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో వాటిలో ఒకటి పుట్టుకతోనే ఉండదు. శీనుకి అర్థం కాలేదు. ఆమె కాస్త ఆలోచించి, "నువ్వు వేటకి పోతావా?" అంది. పోతానన్నాడు. "పడవ ముందు నిలబడినవాడు రాయిని చూశాడు. వెనక ఇంజను దగ్గరున్నవాడికి చెప్పాలి. గాలి హోరుకి వినపడదు. మధ్యలో నిలబడి మాట అందించే మనిషి లేడు. ఏమవుతుంది?"

"పడవ పగిలిపోద్ది" అన్నాడు శీను.

"మీ అమ్మ ఒంట్లో ఆ మధ్య మనిషి లేడేమో అని నా అనుమానం. మాట అందితేనే జ్వరం వస్తుంది, వాపొస్తుంది. జ్వరమంటే రోగం కాదయ్యా, రోగం వచ్చిందని ఒళ్ళు వేసే కేక. ఈమెకి ఆ కేక లేదు. ఇలాంటి పిల్లలు చాలామంది పసితనంలోనే పోతారు. అది దాటితే గండం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఈమె ఇంతకాలం ఎలా బతికిందన్నదే నాకు అంతుపట్టడం లేదు."

ఊరంతా వరమనుకున్నది, ఇల్లంతా వంశగౌరవమనుకున్నది, పసుపుగుడ్డలో చుట్టి సముద్రానికిచ్చి పండగ చేసుకున్నది జబ్బు గుర్తా! మాకంటే ముందు తేరుకున్నది మంచంమీదున్న అవ్వే.

"నీలవేణిని తెండి" అంది.

"ఎందుకవ్వా ఇప్పుడు?" అన్నాడు శీను.

"పొద్దున చెవి వెనకాల నొప్పి అనింది. చెయ్యిబెట్టి చూసినా, చల్లగా ఉండాది. బడికి పొమ్మన్నా. తెండి రా. ఇప్పుడే తెండి." లేవబోయింది. సెలైను గొట్టం ఊడి రక్తం చిమ్మింది. నర్సు పట్టుకుని పడుకోబెట్టినా, "దాన్ని తెచ్చిందాకా నాకు సూది వెయ్యబాక" అని పోట్లాడింది.

నేను బడికి ఫోన్ చేశాను. మా డ్రిల్లు మాస్టరు పిల్లని ఆటోలో ఎక్కించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అది నడిచే వచ్చింది. మెడ ఒక పక్కకి వాల్చుకుని, "నాకేం కాలా, అవ్వకేమయింది?" అని అడిగింది. ఒళ్ళు చల్లగా ఉంది. డాక్టరమ్మ చెవి వెనక నొక్కగానే గిలగిల్లాడిపోయింది. లోపలికి తీసుకెళ్ళి ఫోటోలు తీశారు. చెవి వెనక ఎముకలో చీము పట్టి ఉంది. ఇంకొక్క రోజు ఆగితే మెదడులోకి పోయేదన్నారు. ఆపరేషన్‌కి సిద్ధం చేశారు.

రిపోర్టు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నీలవేణి రక్తం పైఊరికి పంపితే చాన్నాళ్ళకి వచ్చింది. డాక్టరమ్మ అనుకున్నదే నిజం. ఆ ప్రొటీన్ పేరు ఐరాక్-ఫోర్ అట. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి రావాల్సింది. మేనరికాల మీద మేనరికాలు చేసుకున్న ఇంట్లో రెండు వైపుల నుంచీ చెడిపోయిందే వచ్చింది. నీలవేణి ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటుంది, టీకాలు వేయించుకుంది. నుదుళ్ళు చూడడం మానేసింది. దానికి దెబ్బ తగిలినా, దగ్గినా, మగతగా ఉన్నా ఒళ్ళు పట్టుకుని చూడకుండా ఆస్పత్రికి తీసుకుపోతారు. అక్కడ కొత్త నర్సులు జ్వరం లేదు కదా కూర్చోండి అంటే సుజాత పెద్దగొంతుతో పోట్లాడుతుంది. ఇదంతా రాయమన్నది కూడా ఆమే. "రాయి టీచర్. ఇంకో ఇంట్లో గూడా చల్లగా ఉండాడని మురిసిపోతా ఉంటారేమో" అంది.

ఆ రోజు సాయంత్రానికి వస్తాను. పిల్లని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారని తెలిశాక అవ్వ సూది వేయించుకుంది. ఊపిరి బరువుగా తీస్తోంది. డాక్టరమ్మ వచ్చినప్పుడు చీర కుచ్చిళ్ళు పట్టుకున్నట్టు ఆమె కోటు అంచు పట్టుకుంది.

"నా బిడ్డ బతకతాదా?"

"బతుకుతుంది. వేళకి తెప్పించావు అవ్వా. నువ్వే కాపాడుకున్నావు" అంది డాక్టరమ్మ. ఆ మాట ఎంతో ప్రేమగానే అంది.

అవ్వ కోటు వదిలేసి పైకప్పు వైపు తిరిగి పడుకుంది. నిద్రపట్టిందేమో అనుకున్నాను. తర్వాత, ఎవరినీ చూడకుండా, "అయితే ఆ పిల్లోడు నిద్రపోలా?" అంది.

డాక్టరమ్మకి అర్థంకాక నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. శీను వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"వాణ్ణి గూడా తెచ్చుంటే బతికుండునా?"

నా జీవితంలో అంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు. ఏదో ఒకటి చెప్పాలి. అప్పుడు ఆపరేషన్ గది దగ్గర్నుంచి వచ్చి తలుపులో నిలబడి ఉన్న సుజాత ముందుకు వచ్చింది. అవ్వ నోటి పక్కన కారుతున్నది తుడిచింది.

"లేదవ్వా. వాడు బతికేవాడు కాదు. వాడికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉండిందంట. ఇప్పుడే డాక్టరమ్మ పాత ఆస్పత్రి కాగితాలు చూసి చెప్పింది. యాడికి తీసకపోయినా ఎవురూ ఏం చేయలేకపోదురు."

కాగితాలూ లేవు, రంధ్రమూ లేదు. డాక్టరమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది.

అవ్వ సుజాత మొహంలోకి చూసింది. చేపల్ని ఎంచే కళ్ళవి, ఊరికే నమ్మే కళ్ళు కావు. "నిజంగానా?" అంది.

"నీమీద ఒట్టు" అంది సుజాత.

"నొప్పి తెలిసుండదు గదా వాడికి?"

"తెలీలా అవ్వా. నిద్రలోనే పోయినాడు."

అవ్వ కళ్ళు మూసుకుంది. దీపాలు పెట్టే వేళకి పోయింది. ఆఖరుదాకా ఒళ్ళు చల్లగానే ఉంది.

నర్సులు గుడ్డ కప్పుతుంటే సుజాత నన్ను చెయ్యిపట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది. అక్కడ గోడకి ఆనుకుని, నా రెండు భుజాలూ పట్టుకుంది. వేళ్ళు దిగబడి నొప్పి పుట్టింది.

"నేను సంచి సర్దుకున్నా టీచర్. బస్సు గూడా నిలబడి ఉండింది. బతికేవాడే గదా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకున్న ధైర్యం నాకు లేకపోయింది. తలూపాను.

గట్టిగా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా భుజాలు వదిలేసి, చీర సర్దుకుంది. "ఈ మాట మా ఆయనకి ఇప్పుడే చెప్పబాక. అమ్మని మట్టి చేసే దినం గదా" అంది. తర్వాత జాకెట్లోంచి మందుల చీటీ తీసి నా చేతిలో పెట్టి, "నీలవేణికి తెమ్మన్నారు. మందుల షాపు ఎటుపక్క టీచర్?" అని అడిగింది.